ఫోన్ మోగినప్పుడు ఒక్క శ్వాస

పొద్దున్నే 20 నిమిషాలు ధ్యానం చేస్తున్నా ఆఫీసుకెళ్ళిన గంటకే ఆ ప్రశాంతత పోతోందని, పని మధ్యలో ఎరుక నిలవాలంటే ఏం చేయాలని మీరు అడిగారు. నేనూ చాలాకాలం ఇదే ప్రశ్న మోస్తూ తిరిగాను కాబట్టి నా అనుభవం చెప్తాను.

నా ఉద్యోగమంతా ఫోన్ మీదే. కస్టమర్ల ఫిర్యాదులు వింటాను. 11 ఏళ్ళుగా ఇదే పని. ఒక కాల్ ముగిసేసరికి ఇంకొకటి సిద్ధంగా ఉంటుంది, లైన్లోకి వచ్చేవాళ్ళలో చాలామంది అప్పటికే విసిగిపోయి ఉంటారు. పొద్దున చేసిన ధ్యానం నాలుగో కాల్ దాకా కూడా నిలిచేది కాదు. ఆ ప్రశాంతతని గిన్నెలో నీళ్ళలా ఒలకకుండా ఆఫీసు దాకా మోసుకెళ్ళి, సాయంత్రం దాకా కాపాడుకోవాలని చూసేదాన్ని. ఒలికిన ప్రతిసారీ నా మీద నాకే కోపం. పని టెన్షన్‌కి తోడు ధ్యానం పోయిందన్న టెన్షన్ ఇంకొకటి.

నాకు దారి చూపింది వియత్నాం బౌద్ధ భిక్షువు థిచ్ నాట్ హాన్ నేర్పిన ఒక చిన్న సాధన. ఫోన్ మోగగానే గబుక్కున ఎత్తవద్దని, ఆ మోతనే ధ్యానానికి పిలిచే గంట అనుకుని, శ్వాస మీద మనసు పెట్టి అప్పుడు ఎత్తమని ఆయన చెప్పేవారు. రోజంతా ఫోన్ మోగే నాకు ఇంతకన్నా ఏం కావాలి! మా పనిలో ఎక్కువసేపు ఆగడం కుదరదు, కానీ ఒక్క శ్వాసకి వీలుంటుంది. తీసుకున్నదానికన్నా వదలడం కాస్త నిదానంగా ఉండాలి. గాలి వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకి వెళ్ళే వేగస్ నాడి పనిచేసి గుండె వేగం కొద్దిగా తగ్గుతుంది. అందుకే ఒక్క శ్వాసకే తేడా తెలుస్తుంది.

ఒకరోజు ఒకాయన లైన్లోకి వస్తూనే అరవడం మొదలుపెట్టారు. ఆయన మాట వినడం మానేసి నేను మనసులో జవాబు సిద్ధం చేసుకుంటున్నాను. అంతలో నా కళ్ళు నా కుడిచేతి మీద పడ్డాయి. మౌస్ ఎంత గట్టిగా పట్టుకున్నానంటే వేళ్ళ కణుపులు తెల్లబడిపోయాయి. పళ్ళు కూడా బిగబట్టి ఉన్నాను. నాకు కోపం వచ్చిందని నాకింకా తెలీదు, చేతికి మాత్రం తెలిసిపోయింది. వేళ్ళు వదులు చేశాను. అంతే, ఇంకేం చేయలేదు. అప్పుడు వినపడింది ఆయన అసలు మాట: "ఇది ఐదోసారమ్మా, ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పమంటారు." ఆయన బాధంతా అదే. "మీరు ఇంతకుముందు చెప్పినవన్నీ నా ముందున్నాయి సార్, మళ్ళీ చెప్పక్కర్లేదు" అన్నాను. కాసేపు ఆయన ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆయన గొంతు మామూలుగా ఉంది. సమస్య తీరడానికి ఇంకో మూడు రోజులు పట్టిందనుకోండి.

అప్పట్నుంచి మనసుని కనిపెట్టడం కంటే ముందు ఒంటిని కనిపెడుతున్నాను. దవడ, భుజాలు, చేయి. ఈ మూడింట్లో ఏదో ఒకటి ముందే చెప్పేస్తుంది.

నేను చేసిన ఒక పొరపాటు కూడా చెప్పాలి. గీత రెండో అధ్యాయం 48వ శ్లోకంలో "యోగస్థః కురు కర్మాణి" అంటాడు కృష్ణుడు, యోగంలో నిలిచి పని చెయ్యమని. "సమత్వం యోగ ఉచ్యతే", అంటే సమత్వాన్నే యోగం అంటారు, అన్నదీ అందులోనే. ఆ సమత్వాన్ని నేను ఏమీ పట్టించుకోకపోవడం అనుకున్నాను. దాదాపు ఏడాది అందరితో మెత్తగా, చల్లగా మాట్లాడుతూ, ఎంత ఎదిగానో అనుకున్నాను. ఒకసారి పక్క సీటు అమ్మాయి ఏడుస్తూ తన కష్టం చెప్తే రెండు నీతి మాటలు చెప్పి ఊరుకున్నాను. "నీతో మాట్లాడితే గోడతో మాట్లాడినట్టుందక్కా" అంది. చాలా రోజులు ఆ మాట నన్ను వదల్లేదు. మళ్ళీ శ్లోకం చదివితే, పని ఫలించినా ఫలించకపోయినా ఒకేలా ఉండమని ఉంది. ఎదుటి మనిషి బాధకి రాయిలా ఉండమని ఎక్కడా లేదు. దయచేసి మీరు ఈ దారిలో పోకండి.

పొద్దున కూర్చోవడం మాత్రం మానకండి, అది లేకపోతే పగటిపూట శ్వాస గుర్తుకే రాదు. పని భారమే మోయలేనంత ఉంటే పైవాళ్ళతో మాట్లాడాల్సిందే, శ్వాస దానికి మందు కాదు.

మీ పనిలో రోజుకి చాలాసార్లు ఎదురయ్యే చోటు ఒకటి ఎంచుకోండి. మెయిల్ పంపే ముందు కావచ్చు, తలుపు తెరిచే ముందు కావచ్చు. ఒక్కటే, నెల దాటేవరకు రెండోది కలపకండి. మొదటి వారం ఇంటికెళ్ళాక గాని గుర్తురాదు. నాకూ అంతే అయింది. అందుకే హెడ్‌సెట్ వైరుకి ఒక తెల్ల దారం కట్టుకున్నాను. మాసిపోయింది గానీ ఇప్పటికీ అక్కడే ఉంది.