పెన్సిల్‌తో రాసిన అంకె

అమ్మడూ,

లీడర్‌షిప్ క్లాసులో ఒక్కో విలువ పేరు రాసిన కార్డులు ఇచ్చి అయిదు మిగుల్చుకోమంటే పది నిమిషాల్లో తేల్చేశానని రాశావు. నాకు అక్కడే అనుమానం తగిలింది. పక్కవాళ్లు చూస్తే బాగుంటాయనిపించిన కార్డులే నీ చేతికొచ్చి ఉంటాయి. వెక్కిరించడం లేదులే, నేనూ అదే చేశాను. నా పైకార్డు 'నిజాయితీ'.

ఆ తర్వాత నెలకే స్టూడెంట్ కమిటీ లెక్కలు నా దగ్గరికొచ్చాయి. ఖర్చుల పుస్తకంలో ఒక్క అంకె పెన్సిల్‌తో ఉంది, మిగతావన్నీ పెన్నుతో. అడిగితే నా స్నేహితురాలు తల దించుకుంది. ఆ డబ్బు ఫీజుకి వాడుకున్నానని, వచ్చే నెల పెట్టేస్తానని చెప్పింది. నేను పుస్తకం మూసేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కార్డుల్లో నేను పక్కకు తోసేసిన 'స్నేహం' అంత బరువుంటుందని అప్పటిదాకా తెలియదు. ఇంకా తరచి చూస్తే అది స్నేహం కూడా కాదు, తను నాతో మాట్లాడడం మానేస్తుందేమోనన్న భయం. భయానికి కార్డు ఉండదు కదా!

మిల్టన్ రోకీచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1973 నాటి జాబితాలో 36 విలువలున్నాయి. జీవితంలో అందుకోవాలనుకునేవి 18, నడుచుకునే తీరువి 18. వాటిలో ఏవి మంచివని అడిగితే అన్నీ మంచివే అంటాం. అందుకే ఆయన వరస పెట్టమన్నాడు. నువ్వు కూడా ఈసారి రెండేసి కార్డులు ఎదురెదురుగా పెట్టుకుని, ఒకటి వదులుకోక తప్పకపోతే ఏది వదులుతావో చూడు. ఎక్కడ చేయి ఆగితే అక్కడ రెండు ముక్కలు రాసుకో. ఇంట్లోవాళ్లకు ఇష్టమని పెట్టుకున్న కార్డు ఏదైనా ఉంటే అది కూడా అప్పుడే బయటపడుతుంది.

రాత్స్, హార్మిన్, సైమన్ అనే ముగ్గురు విద్యావేత్తలు 1966లో ఇంకా గట్టి పరీక్ష పెట్టారు. ఒకటి నీ విలువ అనిపించుకోవాలంటే ఎవరి బలవంతం లేకుండా, వేరే దారులూ చూసి, తర్వాత ఏమవుతుందో ఆలోచించి ఎంచుకోవాలి. అది నీకు ఇష్టంగా ఉండాలి, నలుగురిలో చెప్పగలగాలి. చేసి చూపాలి, అదీ ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ. నేను నలుగురిలో చెప్పడం దాకా బాగానే వచ్చి, చేతల దగ్గర బోల్తా పడ్డాను.

కాబట్టి ఒక నోట్‌బుక్ పెట్టుకో. పని చేయనివాడి పేరు గ్రూప్ ప్రాజెక్టులో చేర్చారా? మీటింగులో జూనియర్‌ని ఎవరైనా చులకన చేస్తే నువ్వు నోరు విప్పావా, ఫోన్ చూసుకున్నావా? ఆ రాత్రే రాయి. తెల్లారితే మనకు అనుకూలంగా గుర్తుపెట్టుకుంటాం. నెలాఖరున దాన్ని కార్డుల పక్కన పెట్టుకుని చదువు. తేడా కనిపిస్తే టెన్షన్ పడకు, ఆ క్లాసు పెట్టిందే అందుకు.

తర్వాత ఏమైందని అడుగుతావు. నాలుగు రోజులు తటపటాయించి, తనని పక్కన కూర్చోబెట్టుకునే కమిటీకి చెప్పాను. తను ఆరు నెలలు నాతో మాట్లాడలేదు.

ఉంటాను,
పెద్దమ్మ