ఆపరేషన్ కుదరని ఎముక గడ్డకి కార్బన్ రేడియేషన్ పనిచేస్తుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నకి 61 ఏళ్లు. రెండేళ్లుగా కూర్చుంటే నడుం చివర నొప్పి, అందరూ డిస్క్ అన్నారు, బెల్టు కట్టుకుని తిరిగారు. మొన్న ఎంఆర్ఐలో వెన్ను చివరుండే శాక్రమ్ ఎముకలో గడ్డ కనపడింది, బయాప్సీలో కార్డోమా అనే ఎముక క్యాన్సర్ అని వచ్చింది. ఆపరేషన్ చేస్తే యూరిన్, మోషన్ కంట్రోల్ పోవచ్చన్నారు, నాన్న వద్దంటే వద్దంటున్నారు. జపాన్‌లో ఏదో కార్బన్ రేడియేషన్ ఉందట అని తమ్ముడు అంటున్నాడు. నిజమేనా? దాంతో గడ్డ కరిగిపోతుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ తమ్ముడు చెప్పింది నిజమేనమ్మా. కరిగిపోతుందా అన్నదానికి మాత్రం కాస్త ఆగి జవాబు చెప్తా, చాలామంది పొరబడేది అక్కడే.

తల్లి కడుపులో ఉన్నప్పుడు వెన్ను ఉండే చోట తాడులాంటిది ఒకటి ఏర్పడి తర్వాత పోతుంది, అక్కడక్కడ మిగిలిపోయిన ముక్కల్లోంచి పుట్టే గడ్డ ఇది. మెల్లగా పెరుగుతుంది కాబట్టే డిస్క్ అనుకుంటూ ఏళ్లు గడిచిపోతాయి. మామూలు కీమోకి లొంగదు. రేడియేషన్‌కి లొంగాలంటే చాలా పెద్ద డోసు కావాలి, అంత డోసు పెడితే ముందున్న పేగు తట్టుకోదు, అదీ చిక్కు.

మనవాళ్లు కరెంటు పెట్టించడం అంటారే, ఆ మామూలు రేడియేషన్‌లో ఎక్స్‌రే ఒకవైపు దూరి రెండోవైపు బయటికెళ్లేదాకా దారిపొడుగునా కొంచెం కొంచెం డోసు వదుల్తూ పోతుంది. ప్రోటాన్లు, కార్బన్ అయాన్లు అనే అతి చిన్న రేణువులు అలా కాదు, ఎంత వేగంతో పంపామో దాన్నిబట్టి ఒక లోతుకెళ్లి ఆగిపోతాయి, ఆగే చోటే శక్తి ఎక్కువగా దించేస్తాయి. కార్బన్ ప్రోటాన్ కంటే 12 రెట్లు బరువు, కణంలో డీఎన్‌ఏ రెండు పోగుల్నీ దగ్గరదగ్గరగా తెంపేస్తుంది, మళ్లీ అతుక్కోవడం కష్టం. అందుకే మొండి గడ్డలకి వాడతారు.

జపాన్‌లోని చిబాలో 1994 నుంచి ఈ ట్రీట్‌మెంట్ ఇస్తున్నారు. అక్కడి యంత్రం 120 మీటర్ల పొడవు, 65 మీటర్ల వెడల్పు. ఆస్పత్రిలో మెషిన్ పెట్టినట్టు కాదు, మెషిన్‌కే ఆస్పత్రి కట్టినట్టు! శాక్రమ్ కార్డోమా ఉన్న 188 మందికి ఇస్తే 5 ఏళ్లకి 77 శాతం మందిలో గడ్డ అక్కడ మళ్లీ పెరగలేదు, 81 శాతం మంది బతికున్నారు, దాదాపు అందరూ నడుస్తూనే ఉన్నారు. వారానికి 4 సార్లు చొప్పున 4 వారాలు, మొత్తం 16 సిట్టింగులు. నొప్పేమీ ఉండదు, కానీ తర్వాత కొందరికి చర్మం పుండు పడటం, కాలి నరం దెబ్బతినడం, ఎముక చిట్లడం ఉన్నాయి, అవి కూడా తెలిసి వెళ్లాలి.

ఇప్పుడు మీ ప్రశ్న. ట్రీట్‌మెంట్ అయ్యాక కూడా గడ్డ నెలలు, ఒక్కోసారి ఏళ్లు అక్కడే కనపడుతుంది, స్కాన్ రిపోర్ట్ చూసి డబ్బంతా పోయిందని ఏడ్చేవాళ్లున్నారు. పెరగకుండా ఉంటే చాలు, అదే గెలుపు. ఊపిరితిత్తులకి పాకుతుందేమో అని ఛాతీ స్కాన్ కూడా చేయించుకుంటూ ఉండాలి.

కార్బన్ మన దేశంలో లేదు, జపాన్‌తో పాటు జర్మనీ, ఇటలీ, ఆస్ట్రియా, చైనాల్లో ఉంది. ఈ జబ్బుకి ప్రోటాన్ కూడా వాడతారు, అది చెన్నైలో అపోలోలో 2019 నుంచి, నవీ ముంబైలో టాటా వాళ్ల దగ్గర 2023 నుంచి ఉంది. తెనాలి నుంచి ముందు చెన్నై వెళ్లి రిపోర్టులు చూపించండి, జపాన్ టికెట్ సంగతి తర్వాత. గడ్డకీ పేగుకీ మధ్య ఖాళీ ఎంతుందో అడగండి, ఆనుకుని ఉంటే మధ్యలో స్పేసర్ (పేగుని గడ్డకి దూరంగా జరిపి ఉంచే అడ్డు) పెట్టడానికి చిన్న ఆపరేషన్ కావాల్సి రావచ్చు. ఈలోపు ఎక్కడో మామూలు రేడియేషన్ సగం పెట్టించి ఆపెయ్యొద్దు, తర్వాత పూర్తి డోసు ఇవ్వడానికి వీలుండదు.

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు, తుంటి ఎముకలో ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్, తియ్యడం కష్టమన్నారు. కీమో మానేసి ఈ రేడియేషన్ ఒక్కటే పెట్టించొచ్చా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: వద్దండీ. ఈ జబ్బు కంటికి కనపడకుండా రక్తంలో తిరుగుతుంది, దాన్ని పట్టేది కీమోనే. రేడియేషన్ గడ్డ ఉన్నచోటికే. జపాన్‌లోనే ఒంటి మధ్యభాగంలో ఇలా తియ్యలేని ఆస్టియోసార్కోమా ఉన్న 78 మందికి కార్బన్ ఇస్తే 5 ఏళ్లకి 62 శాతం మందిలో గడ్డ అదుపులో ఉంది, బతికినవాళ్లు 33 శాతమే. కీమో కోర్సు పూర్తి చేయిస్తూనే రేడియేషన్ ఎప్పుడు పెట్టాలో ఇద్దరు డాక్టర్లనీ కూర్చోబెట్టి అడగండి.