సీబీకి ఇరవై మైళ్ల అవతల

(చిన్న విమానాల మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులు. ఈసారి అన్నీ వేసవి గాలివానల గురించే.)

ప్రశ్న: మా అబ్బాయి పైలట్ శిక్షణలో చేరాడు. సెస్నా 172 మీద నేర్పుతున్నారు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రమైతే చాలు, ఉరుములూ మెరుపులూ. అంత చిన్న విమానం మీద పిడుగు పడితే ఏంటని ఇంట్లో ఒకటే బెంగ.
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: అందరూ ముందు పిడుగుకే భయపడతారు. ప్రమాదాల వరసలో దానిది చివరి చోటు. సెస్నా 172 ఒళ్లంతా అల్యూమినియం రేకు. కరెంటు ఆ రేకు మీదుగా పాకి ఇంకో కొసన బయటపడుతుంది. రేడియో చెడిపోవచ్చు, కంపాస్ తప్పు చూపవచ్చు, రాత్రిపూట మెరుపుకు పైలట్ కళ్లు కాసేపు బైర్లు కమ్మవచ్చు. విమానాన్ని కూల్చేది మాత్రం గాలి.

ఎండకు వేడెక్కిన తేమగాలి పైకి లేచి క్యుములోనింబస్ మేఘమవుతుంది. పైలట్లు దాన్ని ‘సీబీ’ అంటారు. మన వేసవిలో దాని తల 50 వేల అడుగులు దాటడం వింతేమీ కాదు. వాన మొదలయ్యాక చినుకులు గాలిని కిందికి ఈడుస్తాయి. కొన్ని దారిలోనే ఆవిరైపోయి ఆ గాలిని చల్లబరుస్తాయి. చల్లబడి బరువెక్కిన గాలి ఇంకా జోరుగా దిగుతుంది. ఈ డౌన్‌డ్రాఫ్ట్ బాగా ముదిరితే నిమిషానికి 6,000 అడుగుల దాకా ఉంటుంది. సెస్నా 172లో ఎస్ రకం (172ఎస్) ఫుల్ పవర్‌తో ఎక్కగలిగింది సముద్రమట్టం దగ్గరే నిమిషానికి 730 అడుగులు. 42 డిగ్రీల ఎండలో అదీ రాదు.

2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 నల్లమలలో కూలింది. తీవ్రమైన డౌన్‌డ్రాఫ్ట్‌లో చిక్కి అదుపు తప్పిందని విచారణ సంఘం తేల్చింది. అది రెండు ఇంజన్ల హెలికాప్టర్.

ప్రశ్న: రన్‌వే ఎదురుగా కనిపిస్తూనే ఉంది. వాన ఇంకా అవతలి కొసనే ఉంది. గబగబా దిగిపోతే తప్పేంటి?
– స్టూడెంట్ పైలట్, హైదరాబాద్

జవాబు: బిందెడు నీళ్లు గచ్చు మీద కుమ్మరిస్తే ఎలా చిమ్ముతాయో, దిగిన చల్లగాలి నేలను తాకి అలా నాలుగు దిక్కులకూ చిమ్ముతుంది. ఇదంతా 4 కిలోమీటర్ల వెడల్పు లోపే జరిగితే అది మైక్రోబరస్ట్. పావుగంటలోపే పుట్టి చచ్చిపోతుంది కాబట్టి అరగంటకోసారి వచ్చే ఎయిర్‌పోర్టు వాతావరణ నివేదిక మెటార్‌లో దాని జాడే ఉండకపోవచ్చు.

మీరు ఫైనల్‌లో, అంటే రన్‌వేకు నేరుగా దిగే ఆఖరి దారిలో, 65 నాట్లతో (నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు) వస్తున్నారనుకోండి. ముందు 20 నాట్ల ఎదురుగాలి తగులుతుంది. ఎయిర్‌స్పీడ్ 85కి లేస్తుంది, విమానం తేలిపోతుంది. పవర్ తగ్గించడానికి చేయి దానంతటదే థ్రాటిల్ వెనక్కి లాగుతుంది. ముల్లు మళ్లీ 65కి వచ్చేసరికి నడిమి డౌన్‌డ్రాఫ్ట్, దాన్ని దాటగానే 20 నాట్ల వెనుకగాలి. 65లో 40 పోతే 25. ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచు పలకలు) పూర్తిగా దించితే 172ఎస్ స్టాలయ్యేది, అంటే రెక్కలు విమానాన్ని మోయలేకపోయేది, 40 దగ్గర. పవర్ తీసేసి ఉన్నారు, కింద ఉన్నది రెండు మూడు వందల అడుగులు. 1985 ఆగస్టు 2న డాలస్‌లో డెల్టా 191ని నేలకు కొట్టింది ఇలాంటి మైక్రోబరస్టే. అది మూడు ఇంజన్ల ట్రైస్టార్.

కాబట్టి వాన దగ్గరున్నప్పుడు ఫైనల్‌లో వేగం ఉన్నట్టుండి 15 నాట్లు పెరిగితే సంబరపడొద్దు. వెంటనే ఫుల్ పవర్, గో-అరౌండ్: దిగడం మానేసి మళ్లీ పైకి లేవాలి. వాన లేని వైపు దూరంగా పోయి అరగంట ఆగండి, లేదా వేరే ఎయిర్‌పోర్టుకు పొండి. ఆ అరగంటకు సరిపడా పెట్రోలు బయల్దేరేటప్పుడే ట్యాంకులో ఉండాలి. ఇంకో మాట: ఈదురుగాలి వానకంటే 15 మైళ్ల ముందుదాకా పరిగెత్తగలదు. రన్‌వే పొడిగా ఉందన్నది ధీమాకు కారణం కాదు.

ప్రశ్న: రాడార్ బొమ్మలో రెండు ఎర్రమచ్చల మధ్య 15 కిలోమీటర్ల సందు కనిపిస్తే దూరిపోవచ్చా?
– ట్రైనీ, బెంగళూరు

జవాబు: వద్దు. ఆ సందు ఇప్పటిది కాదు. అమెరికాలో ప్రమాదాలను విచారించే ఎన్‌టీఎస్‌బీ 2012లో దీనిమీదే పైలట్లను హెచ్చరించింది. కాక్‌పిట్ తెరమీద ‘1 నిమిషం’ అని పడితే, అది బొమ్మను అతికించిన వేళ. అందులోని వాన అంతకు 15–20 నిమిషాల ముందుది కూడా కావచ్చు. మేఘం 30 నాట్లతో కదిలితే 20 నిమిషాల్లో 18 కిలోమీటర్లు పోతుంది. మీ సందు 15.

తీవ్రమైన సీబీకి కనీసం 20 మైళ్లు ఎడంగా ఉండమంటుంది అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ. అంటే రెండు సీబీల మధ్య సందు 40 మైళ్లకు తగ్గితే అది దారే కాదు. మేఘం తల కమ్మరి దాగలిలా ఒక పక్కకు సాగి ఉంటుంది చూడండి, దాని కింద తెరిపిగా ఉన్నా వడగళ్లు పడతాయి. చుట్టి పోవాలంటే గాలి వచ్చే వైపు నుంచే పోవాలి.

స్కాట్ క్రాస్‌ఫీల్డ్ పేరు వినే ఉంటారు. 1953లో ధ్వనికి రెట్టింపు వేగాన్ని మొదట దాటిన టెస్ట్ పైలట్. 2006 ఏప్రిల్ 19న అలబామా నుంచి వర్జీనియాకు తన సెస్నా 210ఏలో పోతూ జార్జియా మీద ఉరుముల మేఘంలో చిక్కి చనిపోయారు. బయల్దేరాక దారిలో తాజా వాతావరణం అడగలేదని, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ కూడా మేఘాన్ని తప్పించేందుకు సాయపడలేదని ఎన్‌టీఎస్‌బీ రాసింది. అనుభవం చాలదని ఆయన్ని ఎవరనగలరు?

ప్రశ్న: ఎంత జాగ్రత్తపడినా లోపల చిక్కితే?
– స్టూడెంట్ పైలట్, విజయవాడ

జవాబు: బెల్టులు బిగించి, థ్రాటిల్ తగ్గించి మాన్యూవరింగ్ స్పీడ్‌కు, అంటే గాలిదెబ్బకు రెక్కలు దెబ్బతినని వేగానికి, రండి. 172ఎస్‌కు అది నిండు బరువు 1,157 కిలోలకు 105 నాట్లు, 862 కిలోలకు 90. తేలిక విమానానికి ఇంకా నెమ్మది ఎందుకని అడుగుతారు. అదే గాలిదెబ్బకు తేలికది ఎక్కువగా ఎగిరిపడుతుంది, రెక్కలు తట్టుకునే హద్దు 3.8 జీ (మామూలు బరువుకు 3.8 రెట్లు) త్వరగా వచ్చేస్తుంది.

పిటో హీట్ (వేగం కొలిచే గొట్టానికి మంచు పట్టకుండా ఇచ్చే వేడి) వేయండి. సెస్నా 152 అయితే కార్బ్ హీట్ (కార్బురేటర్‌కు ఇచ్చే వేడి) కూడా. ఆటోపైలట్‌లో ఎత్తు మారకుండా పట్టి ఉంచే ఆల్టిట్యూడ్ హోల్డ్ తీసేయండి. కాక్‌పిట్ లైట్లు పూర్తిగా పెంచితే మెరుపుకు కళ్లు అంతగా చెదరవు. రెక్కలు సమంగా, ముక్కు హొరైజన్ మీద ఉంచండి. ఎత్తు వెయ్యి అడుగులు పెరిగినా తగ్గినా, కింద కొండల్లేనంతవరకు, దాని వెంట పడొద్దు. వెనక్కి తిరగొద్దు. మలుపులో రెక్కల మీద భారం పెరుగుతుంది, స్టాల్ వేగమూ పెరుగుతుంది, పైగా అదే గాలివానలో ఇంకాసేపు ఉంటారు. చాలాసార్లు నేరుగా పోవడమే దగ్గర దారి. కంట్రోలర్‌కు చెప్పండి, కానీ చేతులు ఖాళీ అయ్యాకే.

ప్రశ్న: నేలమీద ఉన్న విమానం సంగతి?
– ఒక ఫ్లయింగ్ క్లబ్ ఉద్యోగి

జవాబు: హ్యాంగర్‌లో చోటు లేకపోతే ముక్కు గాలికి ఎదురుగా పెట్టండి. పార్కింగ్ బ్రేక్, కంట్రోల్ లాక్, పిటో కవర్ వేయండి. రెండు రెక్కలకూ తోకకూ తాళ్లు కట్టండి. ఒక్కొక్కటి కనీసం 700 పౌండ్ల, అంటే 318 కిలోల లాగుడు తట్టుకోవాలి. కొబ్బరి తాడు వద్దు, తడిస్తే బిగుసుకుంటుంది. ఉరుము వినబడ్డాక రెక్క పట్టుకుని బయట నిలబడొద్దు.