హైడ్రోప్లేన్ అంటే రెక్కా, పడవా, టైరు జారడమా?

ప్రశ్న: ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ చూడ్డానికి వెళ్తే, తోక దగ్గరి రెక్కల్ని హైడ్రోప్లేన్లు అన్నారు. డిక్షనరీలో పడవ అని ఉంది. వానలో కారు జారినా అదే మాట వాడుతున్నారు. ఏది సరైనదండీ?
- ఒక పాఠకురాలు, మద్దిలపాలెం

జవాబు: మూడూ సరైనవేనమ్మా. ఇందులో ‘ప్లేన్’ అంటే విమానం కాదు, చదునైన పలక. 1910లో ఫ్రాన్స్‌లో హెన్రీ ఫాబ్ర్ నీటి మీంచి ఇంజన్ విమానాన్ని లేపాడు. ఆ రోజుల్లో అలాంటి విమానాల్నీ హైడ్రోప్లేన్లనేవారు. ఇప్పుడు సీప్లేన్ అంటే చాలు.

పడవ మెల్లగా పోతే నీటిని చీల్చుకుంటూ పోతుంది. వేగం పెరిగితే నీరు అడుగుభాగాన్ని పైకి నెట్టి, పడవ నీటిపైన జారుతుంది. రేసు హైడ్రోప్లేన్ మరీ పైకి లేస్తుంది. అప్పుడు ముందున్న రెండు తేలుడు దిమ్మల చివర్లు, ప్రొపెల్లరూ మాత్రమే నీటిని తాకుతాయి. హైడ్రోఫాయిల్ అనే పడవ వేరు. దాన్ని లేపేవి నీటిలో మునిగి ఉండే రెక్కలు.

కురుసుర రెక్కలకు నీటిపైన జారే పనే లేదు. వెనక రెక్కల వెనకంచు పైకి లేపితే నీటి ఒత్తిడికి తోక దిగి, ముక్కు లేస్తుంది. సబ్‌మెరైన్ కదులుతుంటేనే అవి పనిచేస్తాయి. ఆగితే ట్యాంకుల్లో నీటిని సర్దుకోవాల్సిందే.

ప్రశ్న: వానాకాలం టైర్లలో గాలి తగ్గిస్తే గ్రిప్ పెరుగుతుందంటారు, నిజమేనా?
- ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: హైడ్రోప్లేనింగ్ విషయంలో అది తిరగబడుతుంది. గాడుల్లోంచి నీరు బయటికి పోకపోతే టైరు ముందు పేరుకుని, దాన్ని రోడ్డు నుంచి లేపేస్తుంది. ఇక స్టీరింగూ బ్రేకూ రెండూ పనిచేయవు. గాలి తక్కువైతే టైరు మెత్తబడి మరింత తేలిగ్గా లేస్తుంది. నాసా పరిశోధకులు ఇచ్చిన సూత్రం ఉంది: టైరులో గాలి ఒత్తిడిని పీఎస్ఐలలో తీసుకుని, దాని వర్గమూలాన్ని సుమారు 16.7తో గుణిస్తే టైరు లేచే వేగం గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 32 పీఎస్ఐకి 94, 24కి 82 వస్తాయి. గాడుల లోతును మించి నీరు నిలిచినప్పటి లెక్క ఇది. దీన్ని హద్దుగా తీసుకోకండి, అరిగిన టైరు ఇంకా ముందే లేవొచ్చు. కాబట్టి కంపెనీ చెప్పినంత గాలి, చల్లని టైరులో చూసి పెట్టండి.

కొత్త కారు టైరు గాడి 7, 8 మిల్లీమీటర్లుంటుంది. చట్టం 1.6 దాకా ఒప్పుకుంటుంది కానీ, ఆనందపురం హైవే మీద వానలో తిరిగేవారు 3 దగ్గరే మార్చేయడం మేలు. స్టీరింగ్ ఉన్నట్టుండి తేలికైతే టైరు లేచినట్టే. బ్రేకు తొక్కొద్దు, స్టీరింగ్ తిప్పొద్దు. యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీయండి. వానలో క్రూయిజ్ కంట్రోల్ అసలు పెట్టకండి.