గేటు పడ్డాక పది నిమిషాలు

ప్రశ్న: మాది నౌపడ దగ్గర పల్లె. మా ఆయన ఆటోలో పిల్లల్ని బడికి దింపుతారు. దారిలో రైలు గేటు. బండి కంటికి కనిపించకముందే గేటేసేస్తారు. ఒక్కోసారి పది నిమిషాలు నిలబడాలి. వెనకాలవాళ్లు "ఏటి బాబూ, బండి నేదు కదా, ఓపాలి తియ్యి" అని గేట్‌మాన్ మీద కేకలేస్తారు. పెద్ద పిల్లలైతే దిగి గేటు కింద నుంచి దూరిపోతున్నారు. అంత ముందు వేయడం అవసరమా?
— ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అవసరమేనమ్మా. గేట్‌మాన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఆ కేకలు నేనూ విన్నాను.

రైలొస్తోందని గేటు వేస్తారనుకుంటారు అందరూ. ఇంటర్‌లాకింగ్ (గేటుకీ సిగ్నల్‌కీ లంకె) ఉన్న గేటు దగ్గర, గేటు పడితేనే రైలు వస్తుంది. స్టేషన్ మాస్టరు ఫోన్ చేస్తారు, గేట్‌మాన్ గేటు దించి తాళం వేస్తాడు, ఆ తర్వాతే రైలు రావచ్చని సిగ్నల్ పడుతుంది. ఒకసారి సిగ్నల్ పడ్డాక, మీరెంత బతిమాలినా బండి దాటేదాకా అతనికి గేటు తీయడం కుదరదు. గంటకు 110 కిలోమీటర్ల వేగంలో ఉన్న రైలు సెకనుకి 30 మీటర్లు పోతుంది. గట్టిగా బ్రేకు వేసినా ఆగేసరికి కిలోమీటరు పట్టొచ్చు. డ్రైవరుకి అంత దూరం నుంచే సిగ్నల్ కనిపించాలి. అందుకే బండి మీ కంటికి ఆననప్పుడే గేటు పడిపోతుంది.

చీపురుపల్లి వైపు పనిచేసేటప్పుడు ఒక సాయంత్రం సరుగుడు దుంగలతో ట్రాక్టరు దాటుతోంది. సరిగ్గా పట్టాల మీదికి వచ్చేసరికి పిన్ను ఊడిపోయింది. ఇంజను అవతలికి పోయింది, దుంగల ట్రక్కు పట్టాల మీదే ఉండిపోయింది. నా కాళ్లు వణికాయి. కానీ గేటు పడలేదు కాబట్టి సిగ్నల్ ఎర్రగానే ఉంది. గూడ్సు వచ్చి దూరంగా ఆగి కూత వేసింది. ఊరంతా వచ్చి దుంగలు దించేదాకా అక్కడే ఉంది.

అంతకుముందు నేను చేసింది ఇంటర్‌లాకింగ్ లేని గేటు. ఇదే అక్కడ జరిగుంటే ఎర్రజెండా పట్టుకుని పట్టాల వెంట పరుగెత్తాలి. 600 మీటర్ల దగ్గర ఒక డిటోనేటరు (రైలు చక్రం ఎక్కితే పేలి డ్రైవరుని హెచ్చరించే టపాకాయ లాంటిది), 1200 మీటర్ల దగ్గర మూడు పెట్టాలి. రెండు లైన్లున్న చోట ముందు ఎటు పరుగెత్తాలి? అక్కడున్నన్నాళ్లూ నిద్రలో కూడా ఆ లెక్కే.

2025 జులై 8న తమిళనాడులో కడలూరు దగ్గర సెమ్మంకుప్పం గేటులో బడి వ్యానుని రైలు గుద్దింది. ముగ్గురు పిల్లలు పోయారు. అది ఇంటర్‌లాకింగ్ లేని గేటు. ఆ రోజు నాకు ముద్ద దిగలేదు. ఆ తర్వాతే ఇంటర్‌లాకింగ్‌కి ఉన్న హద్దుని 20,000 టీవీయూల నుంచి 10,000కి తగ్గించారు. రోజుకి వెళ్లే రైళ్ల లెక్కని వాహనాల లెక్కతో హెచ్చవేస్తే వచ్చేదే టీవీయూ. మీ గేటుకి ఇంటర్‌లాకింగ్ ఉందో లేదో స్టేషన్‌లో అడిగి తెలుసుకోండి. లేకపోతే పంచాయతీ చేత అర్జీ పెట్టించండి. గేటు తియ్యమని అరిచే గొంతులు అక్కడ పనికొస్తాయి.

గేటు కింద దూరే పిల్లల సంగతి నాకు ఎక్కువ భయం. మీది రెండు లైన్ల దారి. ఒక బండి వెళ్లిపోగానే పరుగు తీస్తారు. ఆ బండి చాటున, ఆ చప్పుడులోనే, రెండో లైన్లో ఎదురుగా ఇంకోటి వస్తూ ఉంటుంది. గేటు పూర్తిగా లేచేదాకా ఒక్కరినీ ఆటో దిగనివ్వొద్దని మీ ఆయనకి చెప్పండి. వేసిన గేటుని బలవంతంగా తీస్తే రైల్వే చట్టం 160వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు కూడా ఉంది.

ఇంకొక్కటి. అవతల రోడ్డు మీద ఆటో పట్టేంత జాగా కనిపిస్తేనే పట్టాల మీదికి ఎక్కించాలి. మధ్యలో ఇంజను ఆగిపోతే తోయడం, స్టార్టు చేయడం తర్వాత. ముందు పిల్లల్ని దించి పట్టాలకి దూరంగా పంపి, గేటు గదికి పరుగెత్తాలి.