మన బండి ఫోటోలతో మరొకరు బేరం చేస్తే: బండి ఎవరిది, కేసు ఎవరి మీద?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నా మోటారు సైకిలు అమ్మకానికి ఉందని ఆన్‌లైన్‌లో ఫోటోలు పెట్టాను. వాటిని మా మేనల్లుడు తీశాడు. నెంబరు ప్లేటు కూడా కనిపిస్తుంది. సైన్యంలో పనిచేస్తున్నానంటూ ఒకాయన ఫోన్ చేసి 58 వేలకు బేరం ఒప్పుకున్నాడు. ఆర్‌సీ, ఆధార్ అడిగితే వాట్సాప్‌లో పంపాను. తన బావమరిది వచ్చి బండి చూస్తాడనీ, అతనితో తనకు పాత బాకీ లెక్కలున్నాయి కాబట్టి ధర మాట ఎత్తవద్దనీ చెప్పాడు. మర్నాడు రాజోలు వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చి, బండి నడిపి చూసి, ఫోన్‌లో ఎవరికో 35 వేలు పంపి, తాళం ఇమ్మన్నాడు. నాకు రూపాయి కూడా రాలేదు కనుక ఇవ్వలేదు. నా ఫోటోలతోనే ఎవరో 35 వేలకు వేరే ప్రకటన పెట్టారని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఆ కుర్రాడి తరఫువాళ్లు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చి బండైనా ఇవ్వు, సగం సొమ్మైనా ఇవ్వు అంటున్నారు. ఇవ్వాలా? నా మీద కేసు వస్తుందా? ఆ ఫోటోలు తీయించడం ఎలా?

జవాబు: బండి మీదే. ఆ కుర్రాడు 35 వేలు పంపిన మాట నిజమే అయినా, ఆ సొమ్ము అందుకున్న వ్యక్తికి మీ బండిని అమ్మే హక్కు ఏనాడూ లేదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, యజమాని కానివాడు యజమాని అనుమతి లేకుండా ఒక వస్తువును అమ్మితే, కొన్నవానికి అమ్మినవానికున్న హక్కును మించిన హక్కు రాదు. ఇక్కడ అమ్మినవాని దగ్గర ఉన్నవల్లా మీ ఫోటోలు, మీ కాగితాల ఫోటోలు. పొరపాటున చెల్లించిన సొమ్మును తిరిగి ఇవ్వవలసిన బాధ్యత కూడా, కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ కింద, దానిని అందుకున్న వ్యక్తిదే తప్ప బండి చూపించిన మీది కాదు.

అయితే అదే 27వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది, ఎదుటి పక్షం న్యాయవాది పట్టుకునేది దానినే. అమ్మినవానికి అధికారం లేదని చెప్పుకునే అవకాశాన్ని యజమాని తన ప్రవర్తనతోనే పోగొట్టుకుంటే, ఆ తరువాత అతను అడ్డం తిరగడానికి వీల్లేదు. అందువల్ల ఆ రోజు మీరు ఆ కుర్రాడితో ఏమన్నారన్నది చాలా ముఖ్యం. ధర గురించి ఊరకుండిపోయి ఉంటే, కేవలం ఆ మౌనం వల్ల మీరు మీ బండిపై హక్కు కోల్పోయారనడం కష్టమని నా అభిప్రాయం. “ఆయన మాకు తెలిసినవారే, డబ్బు సంగతి ఆయనతోనే చూసుకోండి” వంటి మాట అని ఉంటే మాత్రం మీ వాదన అంత బలంగా నిలవదు. ఏమన్నారో గుర్తున్నంతవరకు ఈ రోజే ఒక కాగితం మీద రాసుకోండి. అక్కడ ఇంకెవరు ఉన్నారో అది కూడా రాయండి. ఈ మోసమంతా ధర చెప్పవద్దన్న ఆ ఒక్క షరతు మీదనే నిలబడింది. మీలో ఎవరైనా అంకె పైకి అని ఉంటే, 58కీ 35కీ మధ్య తేడా ఆ క్షణంలోనే బయటపడి, డబ్బు కదిలేది కాదు. సైనికుడినని చెప్పుకున్న ఆ మోసగాడికి ఆ సంగతి బాగా తెలుసు కనుకనే ముందుగా మీ నోరు కట్టేశాడు.

పెద్దమనుషుల విషయానికి వస్తే, వారు చెప్పిన సగం సొమ్ము ఇవ్వవలసిన చట్టబద్ధమైన బాధ్యత మీకు లేదు. ఊళ్లో మాట పడకూడదని, పోనీలే అని ఇచ్చేవారిని నేను చూస్తుంటాను. ఇచ్చిన తరువాత అదే, అతనికి వాటా ముట్టింది కనుకనే తిరిగి ఇచ్చాడని స్టేషన్‌లో చెప్పడానికి పనికొస్తుంది. సానుభూతితో ఏదైనా ఇవ్వదలచుకుంటే అది మీ ఇష్టం గానీ, బాధ్యతను ఒప్పుకోకుండా ఇస్తున్నట్టు స్పష్టంగా రాయించుకోవాలి. అడ్వాన్సు తీసుకున్నానని గానీ, బండి అప్పగిస్తానని గానీ రాసి ఉన్న కాగితం మీద సంతకం చేయవద్దు. బలవంతంగా బండి తోలుకుపోతామని ఎవరైనా అంటే, ఆ పని వారి మీదనే నేరమవుతుందని మర్యాదగా చెప్పండి.

మీ మీద కేసు వస్తుందా అన్నదానికి సూటిగా చెప్పాలంటే, ఫిర్యాదులో మీ పేరు ఉండే అవకాశం తప్పకుండా ఉంది. ఆ కుర్రాడికి కనిపించిన మనిషి మీరు, ఆర్‌సీ మీద ఉన్న పేరు మీది. కానీ పేరు ఉండటం వేరు, నేరం నిలవడం వేరు. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం నిరూపించాలంటే మొదటి నుంచీ మోసగించాలన్న ఉద్దేశం ఉండాలి. మీ ఖాతాకు డబ్బు రాలేదు. మీరు కూడా అదే మనిషి చేతిలో మోసపోయారు. పోలీసులు పిలిస్తే, వచ్చిన నోటీసు ఏ సెక్షన్ కిందదో ముందు చూడండి. భారతీయ నాగరిక సురక్షా సంహిత 179వ సెక్షన్ నోటీసైతే సాక్షిగా పిలుస్తున్నారని అర్థం. 35వ సెక్షన్ మూడవ ఉప సెక్షన్ కిందదైతే అనుమానితునిగా చూస్తున్నారని అర్థం, అప్పుడు న్యాయవాదితో మాట్లాడి వెళ్లడం మంచిది. ఏది వచ్చినా హాజరు కాకుండా ఉండవద్దు.

అయితే నోటీసు వచ్చేదాకా ఆగవలసిన పని లేదు. ఫిర్యాదిగా మీరే ముందు వెళ్లండి, వీలైతే ఆ కుర్రాడిని కూడా తీసుకుని వెళ్లండి. మీ వాకిట్లో నిలబడి అరుస్తున్నాడు గానీ, అతను మీకు ప్రత్యర్థి కాడు. డబ్బు ఏ యూపీఐ ఐడీకి, ఏ ఖాతాకు వెళ్లిందో అతని ఫోన్‌లో ఉంది. అసలు ఫోటోలు, మోసగాడి మొదటి ఫోన్ కాల్, ఆర్‌సీ ఎవరికి వెళ్లిందన్న వివరం మీ ఫోన్‌లో ఉన్నాయి. రెండూ ఒక్క బల్ల మీద పెడితే తప్ప దర్యాప్తు అధికారికి కథ పూర్తిగా అర్థం కాదు. డబ్బు పోయింది అతనిది కనుక సైబర్ మోసాల సహాయ నెంబరు 1930కి అతనే ఫోన్ చేయాలి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో అతనే ఫిర్యాదు నమోదు చేయాలి. సొమ్ము ఖాతాలు మారకముందే బ్యాంకు ఆపగలిగితే, అలా ఆగిన సొమ్మును విడిపించమని కోర్టులో అర్జీ పెట్టుకోవచ్చు. ఆ పని ఇంతవరకు చేయకపోతే, పెద్దమనుషుల చుట్టూ తిరిగిన సమయమంతా అతనికి నష్టమే.

మీరు మీ స్టేషన్‌లో విడిగా ఫిర్యాదు ఇవ్వండి. ఐటీ చట్టం కింద నేరాలను ఇన్‌స్పెక్టరుకు తక్కువ కాని అధికారి దర్యాప్తు చేయాలని ఆ చట్టం 78వ సెక్షన్ చెబుతుంది. పల్లె స్టేషన్లలో ఎస్సై మాత్రమే ఉంటారు కనుక సైబర్ విభాగానికి వెళ్లమనవచ్చు. అంతమాత్రాన ఫిర్యాదు తీసుకోకుండా పంపడానికి వీల్లేదు. కుర్రాడిది కోనసీమ జిల్లా, మీది పశ్చిమ గోదావరి, మోసగాడు ఎక్కడివాడో తెలియదు అన్న వాదన కూడా చెల్లదు: పరిధితో సంబంధం లేకుండా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయడానికి నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ వీలు కల్పించింది. నిరాకరిస్తే భీమవరంలో ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి, అక్కడా కదలిక లేకపోతే మెజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ఫిర్యాదులో న్యాయ సంహిత 318(4), 319 సెక్షన్లతోపాటు, ఇతరుల గుర్తింపు వివరాలను దుర్వినియోగం చేయడానికి సంబంధించిన ఐటీ చట్టం 66సీ, కంప్యూటరు సాయంతో మరొకరిలా నటించి మోసగించడానికి సంబంధించిన 66డీ సెక్షన్లను ప్రస్తావించండి. చివరి రెండింటికీ మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

సాక్ష్యం గురించి ఒక జాగ్రత్త. నకిలీ ప్రకటన తీసేయించే ముందే దానిని తేదీ, సమయం, లింకు, పెట్టినవారి ప్రొఫైలు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి. చాలామంది కోపంతో ముందు తీసేయిస్తారు, తరువాత చూపించడానికి ఏమీ మిగలదు. ఫోటోలు మీ మేనల్లుడు తీశాడన్నారు కనుక అతని ఫోన్‌లో అసలు ఫైళ్లు ఉండాలి. ఎప్పుడు తీసినదీ, లొకేషన్ ఆన్‌లో ఉంటే ఎక్కడ తీసినదీ అందులో నమోదై ఉంటుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో ఆ వివరాలు ఉండవు. కాబట్టి ఆ ఫోన్‌ను ఇప్పట్లో రీసెట్ చేయవద్దని, అమ్మవద్దని చెప్పండి. కోర్టులో ఈ రికార్డులు ప్రవేశపెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి, అది మీ న్యాయవాది చూసుకుంటారు.

ఫోటోలు తీయించడానికి రెండు దారులు ఉన్నాయి. మోసపూరిత ప్రకటన అని, అది కనిపిస్తున్న ఆన్‌లైన్ వేదికలో రిపోర్టు చేసి, దాని ఫిర్యాదుల అధికారికి మీ పోలీసు ఫిర్యాదు నకలు జతచేసి రాయడం మొదటిది. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఆ అధికారి పేరు, సంప్రదించే విధానం వేదిక తన సైటులో ప్రకటించి తీరాలి. రెండవది కాపీరైటు. 1957 నాటి చట్టం కింద ఫోటోకు కళాత్మకమైన గొప్పతనం ఉండనక్కరలేదు, కాలవ గట్టు మీద నిలబెట్టి తీసిన బండి ఫోటోకు కూడా రక్షణ ఉంది. కానీ కర్త ఫోటో తీసినవాడే, బండి యజమాని కాడు. అందుచేత ఆ నోటీసు మీ మేనల్లుడి పేరున వెళ్లాలి, లేదా అతను ఆ హక్కును మీకు రాసి ఇవ్వాలి. సరైన నోటీసు అందిన 36 గంటల్లోగా వేదిక దానిని అందుబాటులో లేకుండా చేసి, 21 రోజులు అలా ఉంచాలని కాపీరైటు నిబంధనలు చెబుతున్నాయి. ఆలోగా కోర్టు ఉత్తర్వు రాకపోతే తిరిగి పెట్టేందుకు వారికి వీలుంది. మోసగాళ్లు ఒకచోట తీసేస్తే మరోచోట పెడతారు కనుక ఈ దారిలో మరీ ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు.

ఫోటోల కంటే నన్ను కలవరపెడుతున్నవి మీరు పంపిన ఆర్‌సీ, ఆధార్ ప్రతులు. వాటిని చూపించి ఆ మోసగాడు మీ పేరుతో మరొకరి దగ్గర చలామణి కావచ్చు. ఏ తేదీన ఏ నెంబరుకు అవి పంపారో ఫిర్యాదులో తప్పకుండా రాయండి. రేపు మరో జిల్లా నుంచి ఎవరైనా మీ పేరు చెప్పి ఫిర్యాదు చేసినా, అంతకుముందే మీరు పోలీసులకు తెలియజేశారన్న రుజువు ఉంటుంది. ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకోండి.

ఈ గొడవ నడుస్తుండగా బండి అమ్ముకోవచ్చా అని తరువాత అడుగుతారు కనుక ఇప్పుడే చెబుతున్నాను. పోలీసులు స్వాధీనం చేసుకోనంతవరకు, కోర్టు ఆపనంతవరకు అడ్డు లేదు. అయితే కేసు నమోదై ఉంటే దర్యాప్తు అధికారికి ముందుగా రాతపూర్వకంగా తెలియజేయండి. కొత్త ప్రకటనలో నెంబరు ప్లేటు కప్పి, ఫోటో మధ్యలో బండి మీదుగా మీ ఫోన్ నెంబరు వేయండి; మూలలో వేస్తే కత్తిరించేస్తారు. ఆర్‌సీ ఎదురుగా వచ్చినవారికే చూపించండి. వచ్చినవారితో ధర మీ నోటితో మీరే చెప్పి, సొమ్ము మీ ఖాతాలో పడిన తరువాతనే తాళం ఇచ్చి, యాజమాన్య బదిలీకి వాడే 29, 30 ఫారాల మీద సంతకాలు అక్కడే పూర్తి చేయించండి. యాజమాన్యం మారిన సంగతి 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయడం మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ కింద అమ్మినవారి బాధ్యత.