అండమాన్ ప్రయాణం గురించి మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

పిల్లలతోనూ, మీ అత్తగారితోనూ కలిసి జనవరిలో అండమాన్ చూసి రావాలనుకుంటున్నామని, టికెట్లు కొనేముందు నా సలహా కావాలని రాశావు. ఉద్యోగరీత్యా ఆ దీవుల్లో చాలాకాలం ఉన్నవాణ్ణి కనుక చెబుతున్నాను, అక్కడ ఏమేం చూడాలన్నదానికంటే ఏది ముందు, ఏది తరువాత అన్నదే ముఖ్యం. పడవల వేళలకూ సముద్రపు ఆటుపోట్లకూ తగ్గట్టుగా రోజులు అమర్చుకుంటే, పెద్దావిడ కూడా అలసిపోకుండా అన్నీ చూడగలుగుతారు.

ముందు పేర్ల సంగతి. పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అంతకుముందే, 2018 డిసెంబరులో, హావ్‌లాక్ దీవి స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ దీవి షహీద్ ద్వీప్ అయింది. టికెట్లు, హోటల్ రసీదుల మీద ఏ పేరైనా ఉండవచ్చు. ఆటోవారి నోట పాత పేర్లే ఎక్కువగా వినిపిస్తాయి కాబట్టి రెండూ గుర్తుంచుకోండి. హిందీ రాకపోయినా అంత ఇబ్బంది ఉండదు. ఊళ్లో బెంగాలీ, తమిళంతో పాటు తెలుగు మాట్లాడేవారు కూడా చాలామందే ఉన్నారు.

విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతాల నుంచి ప్రభుత్వ ఓడలు నడుస్తాయన్న మాట నిజమే. కానీ ఆ ప్రయాణానికి అటూ ఇటుగా మూడు రోజులు పడుతుంది, పైగా ఓడలు రోజూ ఉండవు. కుదుపులకు తట్టుకోగల కుర్రవాళ్లకు అది మంచి అనుభవమే అయినా, మీకు మాత్రం విమానమే తగినది. చెన్నై నుంచి రెండు గంటల పైచిలుకు ప్రయాణం. పొద్దున్నే దిగే విమానం చూసుకోండి. దీనికి కారణం ఉంది. మన గడియారపు సమయాన్ని కాకినాడ దగ్గరగా వెళ్లే ఎనభై రెండున్నర డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నిర్ణయించారు. అండమాన్ దానికి సుమారు పది డిగ్రీల తూర్పున ఉండటం వల్ల సూర్యుడు అక్కడ నలభై నిమిషాలు ముందే ఉదయించి, ముందే అస్తమిస్తాడు. జనవరిలో సాయంత్రం ఐదున్నర లోపే పొద్దుగూకుతుంది, ఆరింటికి చీకటి. మధ్యాహ్నం మూడింటికి దిగితే ఆ రోజు పోయినట్టే లెక్క. అక్కడున్నన్నాళ్లూ తెల్లవారుజామునే లేవడం, పెందలాడే పడుకోవడం అలవాటు చేసుకోండి.

దిగిన రోజే హావ్‌లాక్ పడవ ఎక్కాలని చాలామంది తొందరపడతారు. విమానం కాస్త ఆలస్యమైతే పడవ మీ కోసం ఆగదు. అందుచేత మొదటి రాత్రి ఊళ్లోనే ఉండి, ఆ సాయంత్రం సెల్యులార్ జైలు చూడండి. 1906లో కట్టడం పూర్తయిన ఆ గోడల మధ్య, ఒక మనిషి అటూ ఇటూ నాలుగడుగులు వేయడానికి మాత్రమే చోటున్న ఆ కొట్లలో పిల్లలను ఒక్క నిమిషం నిలబెట్టి, అక్కడ ఎవరెవరిని బంధించారో చెప్పండి. హడావుడిగా చూసి వచ్చే చోటు కాదది.

పడవ టికెట్లు దొరికాకే హోటళ్లు ఖాయం చేసుకోవాలి. ఈ వరుస తప్పవద్దు. ప్రభుత్వ పడవల్లో ధర తక్కువ, ప్రైవేటు పడవల్లో వేగమూ సౌకర్యమూ ఎక్కువ. హావ్‌లాక్‌కు పడవను బట్టి గంటన్నర నుంచి రెండున్నర గంటలు పడుతుంది. అలల మీద పడవ ముందుభాగం ఎక్కువగా ఎగురుతుంది కాబట్టి వెనుకవైపు, మధ్య వరుసలో సీట్లు అడగండి. వాంతులు కాకుండా వేసుకునే మాత్ర పడవ కదిలాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు. ఎంత ముందుగా వేసుకోవాలో మీ డాక్టరును అడిగి, అత్తగారికి తప్పకుండా వేయండి. పిల్లలవి సహా అందరి గుర్తింపు కార్డులూ దగ్గరుంచుకుని గంట ముందే జెట్టీకి చేరండి.

హావ్‌లాక్‌లో చోట్లను నంబర్లతో పిలుస్తారు. బజారు మూడో నంబరు, హోటళ్లు ఎక్కువగా ఉండేది ఐదో నంబరు, రాధానగర్ తీరం ఏడో నంబరు. రాధానగర్‌కు జెట్టీ నుంచి బస్సు ఉంది గాని, మీరు ఆటోయో కారో మాట్లాడుకోండి. సూర్యాస్తమయం అయ్యేదాకా ఆగి తిరిగి తీసుకువచ్చేట్టు ముందే బేరం కుదుర్చుకోండి, ఎందుకంటే చీకటి పడ్డాక అక్కడ బండి దొరకడం కష్టం. స్కూటర్లు అద్దెకు దొరుకుతాయి; మీ ఆయన ఒక్కడే తిరగాలనుకుంటే లైసెన్సూ హెల్మెట్టూ ఉండాలి.

ఆటుపోట్లను గురించి వివరంగా రాస్తాను. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. ఆ వేళలు రోజుకు సుమారు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతాయి. ఐదో నంబరు తీరంలో ఆటు వేళ నీరు చాలా దూరం వెనక్కి పోయి రాళ్లు తేలుతాయి, అప్పుడు ఈతకు వీలుండదు. అదే ఆటు షహీద్ ద్వీప్‌లో మీకు మేలు చేస్తుంది. లక్ష్మణ్‌పూర్ దగ్గరున్న సహజ శిలావంతెన కిందికి నీరు తీసినప్పుడే నడిచి వెళ్లగలరు. దారిలో గుంటల్లో నిలిచిన నీళ్లలో పీతలు, రంగు రంగుల చిన్న చేపలు, నల్లటి సముద్రదోసకాయలు కనిపిస్తాయి. రాళ్లు నాచు పట్టి జారుతాయి కనుక మడమకు పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి. అత్తగారిని మాత్రం ఆ రాళ్ల మీదికి తీసుకువెళ్లకుండా భరత్‌పూర్ ఒడ్డున నీడలో కూర్చోబెట్టండి.

నీళ్లలోకి దిగే విషయంలో నా మాట కాదనవద్దు. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లున్నాయి. 2010లో రాధానగర్ సమీపంలో ఒక పర్యాటకురాలు మొసలి దాడిలో మరణించింది. మడ అడవులకు, వాగులు సముద్రంలో కలిసే చోట్లకు దగ్గరగా దిగవద్దు. కాపలావారు హద్దు గీసిన చోటే, వెలుతురు ఉండగానే స్నానం ముగించండి. లోపలికి లాగే ప్రవాహంలో చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా ఈది ఆ లాగుడు నుంచి బయటపడాలని పెద్దపిల్లవాడికి ఇంటి దగ్గరే నేర్పండి.

గవ్వలు, పగడపు ముక్కలు పిల్లలు జేబుల్లో వేసుకుంటారు. చచ్చిన పగడమైనా సరే తీసుకురాకూడదు; 1972 నాటి వన్యప్రాణి చట్టం పగడాలను కాపాడుతుంది, విమానాశ్రయంలో సామాను తనిఖీ చేస్తారు. బారాటాంగ్ దీవికి వెళ్లే రోడ్డు జారవా అనే ఆదివాసులుండే అడవి గుండా పోతుంది. ఆ దారిలో వాహనాలను గుంపుగా పంపుతారు, ఆగడం, ఫొటోలు తీయడం నిషేధం. తెల్లవారకముందే బయలుదేరవలసిన ఆ ప్రయాణం మీకు వద్దంటాను. ఎవరైనా అక్కడి మనుషులను చూపిస్తామని ఆశపెడితే వారితో వెళ్లనే వద్దు. వాళ్లు మన వినోదం కోసం లేరు.

2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక ఇంటర్నెట్ మెరుగైంది గాని, చిన్న దీవుల్లో ఇప్పటికీ తరచు పోతుంటుంది. టికెట్లు కాగితం మీద అచ్చు వేయించుకోండి, నగదు ఊళ్లోనే తీసుకోండి.

హావ్‌లాక్‌లో రెండు రాత్రులు, షహీద్ ద్వీప్‌లో ఒకటి ఉండి, చివరి రాత్రికి తప్పనిసరిగా ఊరికి వచ్చేయండి. సముద్రం బాగా లేకపోతే పడవలు రద్దు చేస్తారు, విమానం మాత్రం దాని వేళకు అది వెళ్లిపోతుంది. మీ ఆయన స్కూబా చేయాలనుకుంటే దానికీ ఈ వరుసే అనుకూలం: నీటి అడుగుకు ఒకటికి మించి సార్లు దిగినవారు కనీసం 18 గంటలు గడవకుండా విమానం ఎక్కకూడదు, కాబట్టి అది హావ్‌లాక్‌లోనే ముగించాలి.

పౌర్ణమి, అమావాస్యల దగ్గర పోటూ ఎక్కువే, ఆటూ ఎక్కువే. కనుక పంచాంగం చూసి, షహీద్ ద్వీప్‌లో ఉండే రోజు ఆ తిథులకు దగ్గరగా పడేట్టు తేదీలు రెండు మూడు రకాలుగా వేసి నాకు పంపు. పడవల వేళలతో సరిచూసి జవాబు రాస్తాను, అప్పుడు టికెట్లు కొందువుగాని.

ఆశీస్సులతో,
మామయ్య